కంటి చెఱువు: నీరు తక్కువయా, ఆవిరి యెక్కువయా?

చెఱువులో నీరు తగ్గినప్పుడు వివేకముగల రైతు మొదట రెండు ప్రశ్నలు వేసికొనును. పైనుండి వచ్చు వాగు ఎండినదా? లేక వచ్చిన నీరే యెండకును గాలికిని ఆవిరియై పోవుచున్నదా? కారణమునుబట్టి ఉపాయము మారును. పూడిన కాలువను త్రవ్వినంతమాత్రమున ఆవిరి ఆగదు గదా! కంటి విషయమునందును ఇదియే న్యాయము. కన్నులు మండుచున్నవనియు, ఇసుక పడినట్లు గరగరలాడుచున్నవనియు, సాయంకాలమునకు చూపు మసకబారుచున్నదనియు చెప్పు సభ్యులను మేము గ్రామములలో తఱచుగా చూచుచున్నాము. వారిలో కొందఱు పొరుగువాని సీసాలోని మందునే తామును వేసికొనుచున్నారు. ఇది హానికరము. కావున ఈ మాసము పైరుల ముచ్చట కొంత ప్రక్కకుంచి కంటినీటిని గూర్చి వ్రాయుచున్నాము.

కనుగ్రుడ్డుపై ఎల్లప్పుడును పలుచని నీటిపొర యొకటి పఱచుకొని యుండును. దాని మందము మిల్లీమీటరులో వేయింట సుమారు మూడు భాగములు మాత్రమే. అడుగున జిగురు నీటిని కంటికి అంటియుండునట్లు చేయును. నడుమ నుండు నీరు ముఖ్యముగా కనుబొమ క్రింద వెలుపలివైపుననున్న గ్రంథినుండి వచ్చును. పైన మిక్కిలి సన్నని నూనెపూత యుండును. ఈ నూనె రెప్పల అంచులలో వరుసగానున్న చిన్న గ్రంథులనుండి స్రవించును. 1666లో జర్మనుదేశపు వైద్యుడు హైన్రిక్ మైబోము వీనిని వర్ణించెను గాన వీనికి మైబోమియను గ్రంథులని పేరు. మనము రెప్ప వాల్చినప్పుడెల్ల కొంత నూనె వెలువడి నీటిపై పఱచుకొనును.

ఈ నూనెపూత యొక్క పని ఆవిరిని తగ్గించుట. 1950 తరువాతి దశాబ్దమున ఆస్ట్రేలియాలో జలాశయములపై మైనమువంటి యొక పదార్థమును అణుమాత్రపు మందమున పఱచి నీరు ఆవిరియగుటను తగ్గింపజూచిరి. గాలి వీచినచో ఆ పూత చెదరిపోవుటయే అందలి చిక్కు. కంటియందు చెదరిన పూతను రెప్ప మరల సరిచేయుచుండును.

పొడికన్ను అను వ్యాధిని 1995లో అమెరికాలో నిపుణులు కూడి రెండు ముఖ్య తెగలుగా విభజించిరి. మొదటిది నీటి కొఱతవలన కలుగునది. నీటిగ్రంథి క్షీణించినప్పుడు ఇది వచ్చును. 1933లో స్వీడనుదేశపు నేత్రవైద్యుడు హెన్రిక్ షేగ్రెన్ వివరించిన జబ్బు ఇందు ప్రసిద్ధము. దానిలో కన్నులతోపాటు నోరును ఎండును, కీళ్లు నొచ్చును. నడివయసు స్త్రీలకు ఇది హెచ్చు. రెండవది ఆవిరి యెక్కువగుటవలన కలుగునది. ఇందు నీరు చాలినంత ఊరుచున్నను నూనె చెడియుండును. చలికాలమున నెయ్యి పేరుకొన్నట్లు గ్రంథుల ద్వారములలో నూనె గట్టిపడును; రెప్పల అంచులు ఎఱ్ఱబారును. రెప్ప సరిగా మూతపడనివారికిని, రెప్ప వాల్చుట మఱచి చాలసేపు సెల్‌ఫోను చూచువారికిని ఇట్టి బాధయే కలుగును. సామాన్యముగా మనుష్యుడు నిమిషమునకు పదునైదుసార్లకు అటునిటుగా రెప్ప వాల్చును. చూపు ఒకచోట నిలిపినప్పుడు ఆ సంఖ్య చాల తగ్గును.

ఈ రెండు తెగలును ఒకే కంటియందు కలసి యుండుటయు కలదు. నీరు మిక్కిలి పలుచనైనచోట నూనె సమముగా పఱచుకొనలేదు గాన మొదటి తెగలో గూడ ఆవిరి హెచ్చవచ్చును. ఏ విధముగానైనను తుదకు ఫలము ఒక్కటే. మడిలో నీరు ఆవిరియై ఉప్పు మిగిలి చవుడు తేలినట్లు, మిగిలిన కన్నీటిలో లవణము చిక్కనగును. అది కంటిపొరను నొప్పించి వాపు పుట్టించును. వాపువలన గ్రంథులు మఱింత చెడును. ఆ మంటకు కన్ను ఒక్కసారిగా నీరు కార్చుటయు కలదు. ‘నా కంట ధారగా నీరు కారుచుండగా పొడికన్నెట్లగును?’ అని అడుగువారికి ఇదియే సమాధానము. అది గట్టు తెగిన నీరు. నిలిచి తడుపు నీరు కాదు.

ఏ తెగయో తెలిసికొనుటకు వైద్యులకు సులభమైన పరీక్షలు కలవు. 1903లో షిర్మరు అను జర్మను వైద్యుడు తెలిపిన పద్ధతి ప్రకారము 5 మిల్లీమీటర్ల వెడల్పుగల అద్దుడుకాగితపు ముక్కను క్రిందిరెప్పలో తగిలించి ఐదు నిమిషములు ఉంచెదరు. 5 మిల్లీమీటర్లకు మించి తడియనిచో నీరు కొఱతగా నున్నదని గ్రహింతురు. మఱియొకటి, కంట పసుపువన్నె రంగు వేసి నీలికాంతిలో చూచుట. రెప్ప తెఱచిన పిమ్మట 10 సెకండ్లలోపుననే నీటిపొర చిట్లినచో అది నిలుకడలేని పొర యని యెఱుగుదురు.

మన సభ్యులు పనులమీద హైదరాబాదు వెళ్లి కోఠిలో దిగినప్పుడు మందుల అంగడిలో అడిగి ఏదో యొక చుక్కలమందు కొనితెచ్చుకొనుట కలదు. ఆ కోఠియందే 1846లో వైద్యపాఠశాలగా ఆరంభమైన విద్యకు వారసురాలగు ఉస్మానియా వైద్యకళాశాల యున్నది. దానికి అనుబంధమైన సరోజినీదేవి ప్రభుత్వ నేత్రవైద్యశాల మెహదీపట్నము వైపున నున్నది. బంజారాహిల్సులో 1987నుండి ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ పనిచేయుచున్నది. ఆ సంస్థవారు 2010–2018 సంవత్సరముల నడుమ వచ్చిన 14 లక్షలకు పైగా క్రొత్త రోగుల వివరములను పరిశీలించి, నూటికి సుమారు ఒకటిన్నరమందికి పొడికన్ను నిర్ణయమైనట్లు ప్రకటించిరి. అంగడివరకు పోయినవారు వైద్యశాలవరకు పోవుట కష్టము కాదు.

చికిత్సయు తెగనుబట్టియే యుండును. నీరు కొఱతయైనవారికి కన్నీటివంటి చుక్కలు ఆధారము. అవసరమైనచో నీరు ముక్కులోనికి దిగు రంధ్రమును వైద్యుడు చిన్న బిరడాతో మూయును. ఇది తూము మూసి చెఱువు నింపుటవంటిది. నూనె చెడినవారు శుభ్రమైన గుడ్డను వేడినీట ముంచి పిండి, చర్మము కాలకుండునంత వేడితో, మూసిన రెప్పలపై ఐదుమొదలు పదినిమిషములు ఉంచవలెను. పిదప రెప్ప అంచులవైపునకు మెల్లగా ఒత్తవలెను. పైరెప్పను క్రిందికి, క్రిందిరెప్పను పైకి ఒత్తుట క్రమము. ఇట్లు ప్రతిదినము చేసినగాని గుణము కనబడదు.

చేయరానివి కొన్ని కలవు. ఆకుపసరులు, ఆముదము, చనుబాలు కంట పోయరాదు. స్టెరాయిడు కలిసిన చుక్కలు మొదట చల్లగా తోచినను, వైద్యుని అనుమతి లేక చాలదినములు వాడినచో నీటికాసులును శుక్లములును కలిగి చూపు పోవచ్చును. నూర్పిడిలో వడ్లగింజ తగిలి కన్ను ఎఱ్ఱబడి నొచ్చినచో దానిని పొడికన్ను అనుకొని జాగు చేయరాదు. ఆ దినముననే వైద్యుని చూడవలెను.

పిల్లల విషయము వేఱు. విటమిను ‘ఏ’ లోపించినచో పసివారి కన్నులు ఎండి, రేచీకటి కలిగి, తుదకు నల్లగ్రుడ్డు కరగిపోవును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి కృషి ఆధారముగా 1970లో ఆ విటమిను మోతాదులను పిల్లలకిచ్చు పద్ధతి మొదలైనది. తొమ్మిదవ మాసమునుండి ఐదేండ్లవరకు ఆ మోతాదులు తప్పక ఇప్పించుడు. మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడిపండు పెరటిలోనివే. వానిని పిల్లలకు పెట్టుడు.

తూర్పారబట్టునప్పుడును, మిరపకల్లమున పనిచేయునప్పుడును, ట్రాక్టరు నడుపునప్పుడును ప్రక్కలు మూసిన కండ్లద్దములు ధరించినచో గాలి తగ్గి ఆవిరియు తగ్గును, ధూళియు పడదు. వీనిని ఒక్కొక్కరు కొనుటకంటె సంఘము విత్తనములతోపాటు ఒక్కమారుగా తెప్పించి సభ్యులకు కొన్నధరకే ఇచ్చుట మేలు. రాబోవు కోతలకు ముందే ఈ విషయమును మీ సంఘసమావేశమున ప్రస్తావించి తీర్మానము చేయవలెనని కోరుచున్నాము.