ఓటు కొరకు ఊరిదారి

ఈ దినాల్లో వార్తలు వింటే గుండె బరువెక్కుతుంది. మయన్మార్‌లో 2020 నవంబరులో ప్రజలు వేసిన ఓట్లను త్రోసివేసి, 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం చేజిక్కించుకుంది. 2022లో ఉక్రెయిన్ మీద, 2023లో సూడాన్‌లో యుద్ధం విరుచుకుపడింది. “ప్రజాస్వామ్యం నిలుస్తుందా? మన పిల్లల భవిష్యత్తు ఏమిటి?” అని ఎన్నో కుటుంబాల్లో పెద్దలు దిగులుపడుతున్నారు. జవాబు కొరకు దూరదేశాలు పోనక్కరలేదు. హైదరాబాదు తూర్పు దిక్కున ఉన్న దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వైపు చూద్దాం.

దిల్‌సుఖ్‌నగర్ మన పల్లెలకు కొత్తకాదు. కోచింగు కొరకు వచ్చి అక్కడి హాస్టళ్లలో ఉండే బిడ్డలు ఎందరో. 2013 ఫిబ్రవరి 21 సాయంకాలం అక్కడ రెండు బాంబులు పేలాయి. కనీసం 17 మంది మరణించారు, నూరుమందికి పైగా గాయపడ్డారు. చనిపోయినవారిలో విద్యార్థులు కూడా ఉన్నారు. మనిషిని చూసి మనిషి జడవాలనీ, పొరుగువాణ్ణి పొరుగువాడు అనుమానించాలనీ బాంబు కోరుతుంది. అలా జరుగలేదు. మరుసటి సంవత్సరం 2014 ఏప్రిల్ 30న అదే వీధుల ప్రజలు వరుసల్లో నిలబడి ఓటు వేశారు. నేరం సంగతి న్యాయస్థానం విచారించింది. 2016 డిసెంబరులో ప్రత్యేక కోర్టు ఐదుగురిని దోషులుగా తేల్చి మరణశిక్ష విధించగా, 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. ఇన్నేళ్ల ఆలస్యం బాధాకరమే. అయినా పగతో కాక సాక్ష్యంతో తీర్పు తీర్చడమే ప్రజాస్వామ్యపు దారి.

అక్కడికి దగ్గరలోనే ఎల్.బి.నగర్ చౌరస్తా ఉంది. విజయవాడకు పోయే జాతీయ రహదారి అటునుండే. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింట ఒకేరోజు పోలింగు జరిగింది. దానికి ముందు రెండు దినాలు అక్కడ బస్సుల కొరకు జనం కిక్కిరిసి ఉన్నారు. కూలిపని చేసుకునేవారు, చిరుద్యోగులు, పసిబిడ్డలను చంకనెత్తుకున్న తల్లులు ఓటు కొరకు ఊరిదారి పట్టారు. ఆ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 82 శాతం ఓట్లు పడ్డాయి.

ఆ రహదారి సాగే నల్గొండ సీమకు ఇది పాత అలవాటే. సాయుధ పోరాటం చల్లారి కొన్ని నెలలైనా కాకముందే మొదటి సార్వత్రిక ఎన్నికలు వచ్చాయి. నిన్నటివరకు తుపాకుల మోత విన్న పల్లెలు ఓటుపెట్టె వైపు నడిచాయి. ఆ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డిని లోక్‌సభకు పంపాయి. దేశమంతటిలో అత్యధికంగా, ప్రధాని నెహ్రూకంటె కూడా ఎక్కువగా, ఆయనకు ఓట్లు వచ్చాయి.

అయితే ఇంకొక సంగతి మనల్ని నొప్పించాలి. 2020 డిసెంబరులో హైదరాబాదు నగరపాలక ఎన్నికల్లో సగంమంది కూడా ఓటు వేయలేదు. 2023 శాసనసభ ఎన్నికల్లో నల్గొండ జిల్లా మునుగోడులో 91 శాతానికి పైగా ఓట్లు పడితే, నగరంలోని యాకుత్‌పురాలో 40 శాతం కూడా దాటలేదు. వందల మైళ్లు ప్రయాణం చేసి ఓటు వేసేవారు ఒకవైపు. వీధి చివర ఉన్న బడికి పోనివారు మరొకవైపు. ప్రజాస్వామ్యం శత్రువు చేతిలోనే చావనక్కరలేదు. మన బద్ధకంతో కూడా ఎండిపోగలదు.

కాబట్టి ప్రియ చదువరులారా, మన ఇంటినుండే మొదలుపెడదాం. హాస్టల్లో ఉన్న కొడుకుకో కూతురికో ఫోను చేసినప్పుడు, “తిన్నావా?” అని అడిగిన నోటితోనే “ఓటు ఎక్కించుకున్నావా?” అని అడగండి. 18 ఏళ్లు నిండినవారు ఫారం 6, నివాసం మారినవారు ఫారం 8 ఇవ్వాలి. 2022 నుండి జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల ఒకటవ తేదీలను లెక్కలోకి తీసుకొని వయస్సు చూస్తున్నారు. కనుక ఏడాదంతా ఆగనక్కరలేదు. ఓటుకు నోటు ఇస్తామని గడపకు వచ్చినవారిని వట్టిచేతులతో కాదు, వారి నోటుతోనే తిప్పి పంపండి.

ఆదివారం ఆరాధనలో అధికారుల కొరకు ప్రార్థిస్తున్నాం. ఎన్నికల దినాన వరుసలో నిలబడడం ఆ ప్రార్థనకు మనం పెట్టే చేవ్రాలు. లోకం కలతలో ఉన్నా, బస్సులో చోటు దొరకక నిలబడియైనా ఊరు చేరి ఓటు వేసే సామాన్యులు మన మధ్య ఉన్నంతవరకు నిరీక్షణకు చోటున్నది.