గడి లేకపోతే అర్జీకి గతి లేదా?

సర్వే నంబరులో రెండు ఎకరాలుంటే పాసుపుస్తకంలో ఎకరా ఇరవై గుంటలే పడింది. మరొకరికి ఇంటిపేరు మారింది. ఇంకొకరికి తండ్రి పోయి ఏళ్లు గడిచినా విరాసత్ కాలేదు. ఇలాంటి కాగితాల మూటలతో తహసీలు కార్యాలయం మెట్లెక్కిన నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల రైతులకు కొన్నేళ్లుగా బాగా అలవాటైన మాట ఒకటుంది: “కంప్యూటరులో ఆప్షన్ లేదు”.

ఏమిటీ ఆప్షన్? అది లేకపోతే అధికారి సైతం చేతులెత్తేయడం ఎందుకు?

పూర్వం పహాణీ పట్వారీ చేతిలో ఉండేది. గడిలో ఇమడని సంగతిని పక్కన నాలుగు మాటల్లో రాసే వీలుండేది. ఆ వీలును మేలుకూ వాడారు, మోసానికీ వాడారు. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది. 2020 సెప్టెంబరులో గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థ కూడా పోయింది. అదే ఏడాది అక్టోబరు 29న ధరణి పోర్టల్ మొదలైంది. రిజిస్ట్రేషను, మ్యుటేషను తహసీలులోనే ఒకే పూటలో ముగియడం చాలామందికి సౌకర్యమే అయింది. చిక్కంతా తప్పు పడిన రికార్డులకే వచ్చింది.

ఇలాంటి సాఫ్ట్‌వేరులో మూడు సంగతులు ముందే రాసిపెడతారు. ఫారంలో ఏయే వివరాలు అడగాలి అన్నది ఒకటి. అర్జీ ఎవరి నుంచి ఎవరికి పోవాలి అన్నది రెండవది. ఏ అధికారి లాగిన్‌లో ఏ మీట కనబడాలి అన్నది మూడవది. ఒక్కొక్క రకం అర్జీకి ఇలా కట్టిన దారినే మాడ్యూల్ అంటున్నారు. చెరువు నిండా నీళ్లున్నా, తూము పెట్టని వైపు మడికి చుక్క పారదు. ఇదీ అంతే.

ధరణి మొదలైన తరువాత ఫిర్యాదులు వచ్చిన కొద్దీ కొత్త మాడ్యూళ్లు చేర్చుతూ పోయారు. పాసుపుస్తకంలోని పేరు, విస్తీర్ణం వంటి తప్పుల సవరణకు వచ్చిన టీఎం-33 అలాంటిదే. చాలా అర్జీలు కలెక్టరు దాకా పోవలసి రావడంతో ఫైళ్లు పేరుకుపోయాయి. 2024 ఫిబ్రవరిలో కొన్ని అధికారాలను తహసీల్దార్లకు, ఆర్డీఓలకు పంచారు. ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి పోర్టల్ నిర్వహణను ప్రైవేటు సంస్థ నుంచి తప్పించి, కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన ఎన్.ఐ.సి.కి అప్పగించారు.

అయితే లోపమంతా కంప్యూటరుదే అనుకోవడం సరికాదు. సాదా బైనామాల సంగతే చూడండి. తెల్లకాగితంపై భూమి కొన్నవారి నుంచి 2020 అక్టోబరు 12 మొదలు నవంబరు 10 వరకు అర్జీలు తీసుకున్నారు. అప్పటి కొత్త చట్టంలో అందుకు సెక్షనే లేకపోవడంతో వ్యవహారం హైకోర్టులో ఆగింది. చట్టంలో లేని దారిని ఏ ప్రోగ్రామరూ వేయలేడు. 2025 ఏప్రిల్ 14న అమలులోకి వచ్చిన భూభారతి చట్టంలో ఆ అర్జీలకు చోటిచ్చారు. తహసీల్దారు ఉత్తర్వు నచ్చకపోతే ఆర్డీఓకు, ఆపైన కలెక్టరుకు అప్పీలు చేసుకునే వీలు కూడా కల్పించారు. మొదట ప్రయోగాత్మకంగా ఎంపికైన మండలాల్లో పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన మద్దూరు ఒకటి. అదే సంవత్సరం జూన్‌లో ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టి అర్జీలు స్వీకరించారు.

కనుక “ఆప్షన్ లేదు” అన్న మాట వినగానే రైతు వెనుదిరగవలసిన పని లేదు. ఆ మాటకు మూడు అర్థాలున్నాయి. చట్టమే ఒప్పుకోకపోవచ్చు. చట్టం ఒప్పుకున్నా సాఫ్ట్‌వేరులో దారి వేసి ఉండకపోవచ్చు. దారి ఉన్నా మీసేవలో అర్జీని వేరే మాడ్యూల్‌లో పెట్టి ఉండవచ్చు. మూడవది అయితే సరైన మాడ్యూల్‌లో మళ్లీ పెట్టుకుంటే సరిపోతుంది. రెండవది అయితే కలెక్టరేట్ ప్రజావాణిలో రాతమూలకంగా ఇవ్వాలి; ఒకే చిక్కు ఉన్న రైతులంతా కలిసి ఇస్తే మరీ మంచిది. కొత్త మాడ్యూళ్లు పుట్టింది అలాంటి ఫిర్యాదుల నుంచే. మొదటిది అయితే ఏ సెక్షను అడ్డమో చెప్పమని అడగాలి.

ఏ సంగతీ నోటిమాటగా వదలకూడదు. అర్జీ నంబరున్న రసీదు దాచుకోవాలి. తిరస్కరిస్తే కారణం కాగితం మీద అడగాలి. ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. కారణం తెలియని అర్జీకి అప్పీలు రాయడం ఎవరి తరం?

సాఫ్ట్‌వేరు రాసేవారు హైదరాబాదులో కూర్చుంటారు. ఖాస్రా పహాణీ కాలం నుంచి వస్తున్న గట్టు తగాదాలు వారికి ఎవరో ఒకరు చెబితే గాని తెలియవు. ఆ పని తహసీలు సిబ్బందిది. ఏ ఊరి అర్జీ ఏ గడి దగ్గర ఆగిందో నెలకొకసారి రాసి పైకి పంపితే, రైతు చెప్పులరుగుదల సగానికి సగం తగ్గుతుంది.