‘మా’ అంటే ఏమిటి? ఒక్క అక్షరం, ఎన్నో అర్థాలు

పిల్లలూ, ఈ పాఠంలో మనం నేర్చుకునేది ఒకే ఒక్క అక్షరం. మ కి దీర్ఘం ఇస్తే ‘మా’. ఇంతే కదా అనుకోకండి. ఈ చిన్న మాట చాలా దేశాల్లో ఉంది. ఒక చోట గుర్రం, ఒక చోట దెయ్యం, ఒక చోట భూమి, ఇంకో చోట ‘కానీ’. ముందు మన ఇంట్లో మొదలుపెట్టి, ప్రపంచం చుట్టి, మళ్లీ తెలుగు దగ్గరికి వద్దాం. ఎందుకంటే ఈ ఒక్క అక్షరాన్ని సరిగ్గా వాడితే మీ తెలుగు ఒక మెట్టు పైకెక్కుతుంది.

తెలుగులో ‘మా’

‘మేము’ అనే మాటకి ‘యొక్క’ అర్థం కలిస్తే ‘మా’ వస్తుంది. మా ఇల్లు, మా ఊరు, మా బడి, మా కుక్క. ఇది మీకు తెలిసిందే.

తెలుగులోనే ఇంకో ‘మా’ కూడా ఉంది. ఎవరైనా మంచి మాట అంటే పెద్దవాళ్లు “మా బాగా చెప్పావు!” అంటారు, విన్నారా? అక్కడ ‘మా’ అంటే ‘చాలా’. ‘మహా’ అనే మాట చిక్కి ‘మా’ అయింది. ఒక్కోసారి వెటకారంగా కూడా అంటారు, గొంతు చూసి అర్థం చేసుకోవాలి.

తెలుగులోకి బోలెడు మాటలిచ్చిన సంస్కృతంలో ‘మా’ అంటే ‘వద్దు’. అదే సంస్కృతంలో ‘మా’ అంటే లక్ష్మీదేవి కూడా. మీ తరగతిలో మాధవ్ అనే అబ్బాయి ఉన్నాడా? ఆ పేరుకి చెప్పే అర్థాల్లో ఒకటి ‘మా’కు ధవుడు, అంటే లక్ష్మికి భర్త, విష్ణువు.

ఇప్పుడు ప్రపంచం చుట్టి వద్దాం

కొన్ని భాషల్లో ఈ మాటకి దీర్ఘం మనంత ఉండదు. అయినా మన చెవికి ‘మా’ లాగానే వినిపిస్తుంది. చూడండి:

హిందీలో కొంచెం ముక్కుతో పలికితే అమ్మ. బెంగాలీలో కూడా అమ్మే. దక్షిణాఫ్రికాలోని ఆఫ్రికాన్స్‌లోనూ అమ్మే.
తమిళంలో మామిడి.
అరబ్బీలో ‘ఏమిటి’. ‘మా ఇస్ముక్’ అంటే నీ పేరేమిటి అని. అదే మాటకి ‘కాదు, లేదు’ అనే అర్థం కూడా ఉంది. గల్ఫ్‌లో ఉండే పిల్లలు ‘మా అరిఫ్’ అని రోజూ వింటారు, ‘నాకు తెలీదు’ అని.
పారశీకంలో, అంటే ఇరాన్ వాళ్ల భాషలో, ‘మేము’.
ఫ్రెంచిలో ‘నా’. స్త్రీలింగం మాటల ముందు మాత్రమే వస్తుంది.
ఇటాలియన్‌లో ‘కానీ’. ఐర్లాండ్ వాళ్ల ఐరిష్‌లో ‘అయితే’.
పోలండ్ భాషలో ‘అతనికి ఉంది’ లేదా ‘ఆమెకి ఉంది’. హంగరీ భాషలో ‘ఈరోజు’. ఫిన్లాండ్ భాషలో ‘నేల, దేశం’.
జపాన్ భాషలో రెండింటి మధ్య ఉండే ఖాళీ.
న్యూజిలాండ్‌లోని మావోరీ భాషలో ‘తెలుపు’.

చైనీస్‌కి వస్తే ఇంకా తమాషా. అక్కడ గొంతు ఎలా పెడితే అర్థం అలా మారిపోతుంది. గొంతు పైన సమంగా నిలిపి ‘మా’ అంటే అమ్మ. కింద నుంచి పైకి లేపితే తాళ్లు పేనే నార. కిందికి దించి మళ్లీ లేపితే గుర్రం. పై నుంచి గట్టిగా దించితే తిట్టడం. వాక్యం చివర తేలిగ్గా అంటే అది ప్రశ్న. మనం ‘వచ్చావు’ని ‘వచ్చావా?’ అని దీర్ఘం తీస్తాం కదా, వాళ్లు చివర ‘మా’ పెడతారు.

వియత్నాం భాషలోనూ అంతే. సమంగా అంటే దెయ్యం, గొంతు దించితే ‘కానీ’, పైకి లేపితే దక్షిణ ప్రాంతం వాళ్లకి అమ్మ. దించి టక్కున ఆపితే వరి నారు! మన ఊళ్లలో నారుమడి పోసి, మొలిచిన మొక్కలు పీకి పొలంలో నాటుతారు. ఆ లేత మొక్కలే నారు. థాయ్‌లాండ్‌లో గొంతుని బట్టి ‘రావడం’, కుక్క, గుర్రం.

మేం ఈ దేశానికి వచ్చి ఎక్కువ రోజులు కాలేదు. సాయంత్రం మా అపార్ట్‌మెంట్ కింద పార్కులో ఎవరో ఒక పాప “మా!” అని పిలుస్తుంది. నాలుగు రకాల అమ్మలు తల తిప్పి చూస్తారు.

ఎందుకిలా?

ఇది మొదటిసారి విన్న పిల్లలు ఒక ప్రశ్న అడుగుతారు: “అన్ని భాషలూ ఒకదాన్నుంచే పుట్టాయా?” మంచి ప్రశ్న. కానీ రెండు మాటలు ఒకేలా వినిపించినంత మాత్రాన అవి చుట్టాలు అయిపోవు. ఒకేలా వినిపించడానికి నాలుగు కారణాలు ఉండొచ్చు.

మొదటిది, కాకతాళీయం. కాకి వాలింది, అప్పుడే తాటిపండు పడింది. కాకి వాలినందుకే పండు పడిందని కాదు, రెండూ ఒకేసారి జరిగాయి, అంతే. మీరే లెక్క వేయండి. 35 హల్లులు, ఒక్కోదానికి 12 గుణింతాలు అనుకుంటే 420 అక్షరాలు. ప్రపంచంలో భాషలు దాదాపు 7000. ప్రతి భాషకీ చిన్న చిన్న మాటలు కావాలి. శబ్దాలు కొన్నే, అర్థాలు బోలెడు. మరి ఒకే శబ్దం పది చోట్ల పది పనులు చేయక తప్పుతుందా? మాట ఎంత పొట్టిగా ఉంటే ఇలా కలిసే అవకాశం అంత ఎక్కువ. ‘ఉపాధ్యాయుడు’ లాంటి పొడుగు మాట ఇంకో భాషలో వేరే అర్థంతో దొరకడం చాలా కష్టం.

రెండోది, చుట్టరికం. అరబ్బీలో ‘మా’ అంటే ఏమిటి అని చెప్పుకున్నాం. హీబ్రూలోనూ ‘మా’ అంటే ఏమిటి అనే అర్థం. ఆ రెండూ నిజంగా ఒకే కుటుంబం భాషలు.

మూడోది, అప్పు. వియత్నాం భాషలో ఇంకో రకం గొంతుతో పలికే ‘మా’కి గుర్రం అనే అర్థం ఉంది. అది చైనా నుంచి వచ్చింది. మనం ‘బస్సు’, ‘కుర్చీ’ తెచ్చుకున్నట్టే.

నాలుగోది, పసిపాపలు! దీని గురించి కాస్త ఆగి చెప్తాను.

చుట్టమా, కాదా? ఎలా తెలుస్తుంది?

మన ‘మా’కి ‘మేము’తో సంబంధం ఉంది. పారశీకంలో ‘మా’ అంటే ‘మేము’. అర్థం కూడా దగ్గరే! ఇవి చుట్టాలేనా? మూడు పరీక్షలు పెడదాం.

ఒకటి: పాత రూపం ఏమిటి? పాత తెలుగు పద్యాల్లో ‘మేము’కి బదులు ‘ఏము’ అని కూడా కనిపిస్తుంది. అంటే మొదట్లో మకారమే లేదు, తర్వాత వచ్చి చేరింది. పారశీకం ‘మా’ వెనక ‘అమాఖం’ అనే పాత రూపం ఉంది. అది సంస్కృతంలోని ‘అస్మాకం’ అనే మాటకి చుట్టం. రెండు దారులూ వేరు. వెనక్కి వెళ్లేకొద్దీ దూరమైపోతున్నాయి. నిజమైన చుట్టాలైతే వెనక్కి వెళ్లేకొద్దీ దగ్గరవ్వాలి.

రెండు: ఒక్క మాటేనా, ఇంకా ఉన్నాయా? తెలుగు, కన్నడం చూడండి. కన్నడంలో ‘కివి’, మనకి ‘చెవి’. కన్నడంలో ‘కెడు’, మనకి ‘చెడు’. వాళ్ల ‘కిరు’, మన ‘చిరు’. ఇ, ఎ ముందు వాళ్ల క మన దగ్గర చ అవుతోంది. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. దీన్ని చుట్టరికం అంటారు. తెలుగుకీ పారశీకానికీ మధ్య ఇలాంటి వరస లేదు.

మూడు: ఆ మనుషులు కలిశారా, మాటలు ఇచ్చిపుచ్చుకున్నారా? తెలుగువాళ్లు పారశీకం నుంచి ‘దర్జీ’, ‘బజారు’ లాంటివి తెచ్చుకున్నారు. కానీ ‘మా’ అంతకు ముందు నుంచే మన దగ్గర ఉంది. కాబట్టి ఇది కాకతాళీయమే.

అమ్మ సంగతి వేరు

ఇన్ని భాషల్లో అమ్మని పిలిచే మాటలో మ ఎందుకు ఉంది? అమ్మ, మా, మామా, ఉమ్మ్... అంతా కాకతాళీయమా? కాదు.

అమెరికాలో జార్జ్ పీటర్ మర్డాక్ అనే పండితుడు అమ్మానాన్నలకి ఉన్న మాటలు వెయ్యికి పైగా సేకరించి, 1959లో ప్రచురించాడు. అమ్మ మాటల్లో మ, న లాంటి ముక్కు శబ్దాలు ఎక్కువగా కనిపించాయి. రోమన్ యాకబ్సన్ అనే భాషా పండితుడు దీనికి కారణం చెప్పాడు. పాపాయి పాలు తాగేటప్పుడు నోరు మూసి ఉంటుంది, ముక్కుతో మాత్రమే శబ్దం చేయగలదు. ఆ శబ్దం ‘మ్మ్’ లాగా వస్తుంది. తర్వాత ఆకలేసినా, ఎత్తుకోమన్నా అదే శబ్దం చేస్తుంది. నోరు తెరిస్తే ‘మా’. అమ్మేమో “నన్నే పిలిచింది!” అని మురిసిపోతుంది. అలా అది మాట అయిపోతుంది.

అంటే శబ్దం పాపాయిది, అర్థం పెద్దవాళ్లది. అందుకే అన్ని చోట్లా ఒకేలా స్థిరపడలేదు. జార్జియా దేశంలో ‘మామా’ అంటే నాన్న! మన దగ్గర ‘మామ’ అంటే అమ్మ అన్నదమ్ముడు. మీ బడిలో ‘మామా’ అంటే అమ్మ. ఒకే శబ్దం, ముగ్గురు మనుషులు.

అసలు పాఠం ఇదే: మాటలో అర్థం దాక్కుని ఉండదు. ఒక భాష మాట్లాడే వాళ్లంతా కలిసి ఒప్పుకుంటేనే ఆ అర్థం నిలుస్తుంది. కాబట్టి ఒక భాష మాటని ఇంకో భాష అర్థంతో కొలవకూడదు. మీ స్నేహితుల ఇంటి భాషలో ఏదైనా మాట మీకు నవ్వు తెప్పిస్తే, గుర్తుంచుకోండి, మన మాట కూడా వాళ్లకి అలాగే వినిపిస్తుంది. ఎవరి మాటా వింత కాదు. మీ తెలుగు మాట విని ఎవరైనా నవ్వితే, గొంతు తగ్గించకండి. దాని అర్థం వాళ్లకి చెప్పండి.

మళ్లీ మన ‘మా’ దగ్గరికి

ఇంగ్లీషులో ‘మై మామ్’ అంటారు కాబట్టి చాలామంది పిల్లలు తెలుగులో ‘నా అమ్మ’ అంటారు. తెలుగులో మామూలుగా అలా అనం. ఒక్కడే కొడుకైనా సరే ‘మా అమ్మ’ అనే అంటాడు. ‘మా నాన్న’, ‘మా ఇల్లు’, ‘మా ఊరు’. పెన్సిల్ నాది, పుస్తకం నాది. కానీ మనుషులూ, ఇల్లూ, ఊరూ ఒక్కరి సొత్తు కాదు కదా! అందుకే అక్కడ ‘మా’.

ఇంకో సంగతి. ఇంగ్లీషులో ఒక్క ‘అవర్’ ఉంటే మనకి రెండున్నాయి: మా, మన. వినేవాళ్లు మనతో లేకపోతే ‘మా’. వినేవాళ్లు కూడా మనతో ఉంటే ‘మన’. తమ్ముడితో “మా అమ్మ పిలుస్తోంది” అంటే వాడు తెల్లబోతాడు, అమ్మ నాకు అమ్మ కాదా అని! మలేషియాలో ఉండే పిల్లలకి ఇది సులువు. మలయ్ భాషలో ‘కమి’ అంటే వినేవాళ్లు లేని మేము, ‘కిత’ అంటే వినేవాళ్లతో కలిపి మనం. మాటలు వేరు, ఆలోచన ఒక్కటే. ఇందాకటిదానికి తలకిందులన్నమాట.

ఫోన్‌లో తాతయ్యతో “తాతయ్యా, మా ఇంటికి ఎప్పుడొస్తారు?” అన్నారనుకోండి. తప్పని ఎవరూ అనరు. కానీ “మన ఇంటికి ఎప్పుడొస్తారు?” అని చూడండి. మొదటి వాక్యంలో తాతయ్య చుట్టం. రెండో వాక్యంలో ఆయన ఇంటి మనిషి. ఎన్ని వేల మైళ్ల దూరంలో ఉన్నా ఆ తేడా ఆయనకి వినిపిస్తుంది.

మీరు చేయండి

1. వీటిని సరిచేసి రాయండి: “నా నాన్న ఆఫీసుకి వెళ్లారు.” “నా ఇల్లు బడికి దగ్గర.”

2. మా, మన – ఏది సరిపోతుందో రాయండి:
(అ) (కొత్త స్నేహితురాలితో) ఇది ____ చెల్లి.
(ఆ) (చెల్లితో) ____ కుక్క ఎక్కడికి పోయింది?
(ఇ) (నాయనమ్మతో) ____ ఇంట్లో గులాబీ పూసింది.

3. చైనీస్‌లో ‘నీ’ అంటే ‘నువ్వు’. తెలుగులో ‘నీ పేరు’ అనేటప్పుడు ‘నీ’ వస్తుంది. ఇవి చుట్టాలా, కాకతాళీయమా? పాఠంలోని మూడు పరీక్షల్లో మీకు ఏది ముందు కావాలో, ఎందుకో రెండు వాక్యాల్లో రాయండి.

4. ఇంట్లో వేరే భాష మాట్లాడే స్నేహితుల్ని ఇద్దర్ని అడగండి: మీ భాషలో ‘మా’ అంటే ఏమిటి? విన్నది తెలుగు అక్షరాల్లో రాసి, ఈ వారం తరగతికి తీసుకురండి.