పొగగొట్టముపై మాడిన నూనె మరకలు

నేడు మన పల్లెలలో కారు విలాసవస్తువు మాత్రమే కాదు. కూరగాయల బుట్టలను సంతకును, రోగిని ఆసుపత్రికిని, విత్తనపు మూటలను ఇంటికిని చేర్చునది యదియే. కావున ఎద్దుల గిట్టలను కనిపెట్టి చూచుకొను రైతు కారు అడుగుభాగమునుగూడ అప్పుడప్పుడు వంగి చూడవలసియున్నది. అచ్చట పొగగొట్టముపై నల్లగా మాడిన నూనె కానవచ్చినచో, అది అందమునకు మాత్రమే లోపమని తలంపరాదు.

పొగగొట్టములను పెక్కింటిని స్టెయిన్‌లెస్ స్టీలుతో చేయుదురు. ఇనుమునందు నూటికి పదిన్నర పాళ్లకు తక్కువ గాకుండ క్రోమియము కలిపిన యీ లోహము సిద్ధించును. ఆ క్రోమియము ప్రాణవాయువుతో కలిసి, కంటికి కానరాని పలుచని పొరయై లోహమును తుప్పునుండి కాపాడును. ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున 1913లో హారీ బ్రియర్లీ యిట్టి ఉక్కును తయారుచేయించెను. వంటపాత్రలకు వాడు 304 రకములో క్రోమియము నూటికి 18 పాళ్లుండగా, పొగగొట్టములకు విరివిగా వాడు 409 రకములో సుమారు 11 పాళ్లే యుండును. ఆ పొరను చెఱుపకుండ మరకను తీయుటయే యిందలి కిటుకు.

మొదట మరక యేదియో గుర్తింపవలెను. గోటికి గరుకుగా తగులు నల్లని పెచ్చు మాడిన నూనె. నునుపుగానుండి, గడ్డిరంగు, ఊదా, నీలము ఛాయలతో మెఱయునది వేడిచే లోహమునకు కలిగిన రంగు. ఇది మురికి కాదు, సబ్బుతో పోదు, ఉండినను గొట్టము పనికి అడ్డు లేదు.

శుభ్రపఱచు విధానమిది. ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మట కారును చదునైన నేలపై నిలిపి, చక్రములకు రాళ్లు పెట్టవలెను. క్రింద దూరవలసివచ్చినచో జాకీ నొక్కదానినే నమ్మరాదు. గట్టి స్టాండ్లు ఉండితీరవలెను. గోరువెచ్చని సబ్బునీటితో మట్టిని, తడినూనెను కడిగివేయవలెను. తరువాత వంటసోడాను కొలదినీటితో ముద్దగా కలిపి, మరకపై పట్టించి, అరగంట నాననిచ్చి, నైలాను పీచుతో లోహపు గీతల వెంబడి రుద్దవలెను. ఒక్కసారి పోనిచో మరల పట్టింపవలెను. బలముకంటె ఓర్పు మేలు. తుదకు మంచినీటితో కడిగి, పొడిగుడ్డతో తుడువవలెను. విద్యుత్తీగలపై నీరు పడనీయరాదు. చేతి జిడ్డుగూడ వేడికి మరకగా నంటుకొనును గనుక, ఇంజను నడుపుటకు ముందు గొట్టమును మరొకసారి తుడుచుట మంచిది.

ఇనుపతీగల బ్రష్షు వాడినచో ఇనుపరేణువులు లోహములో దిగబడి తుప్పుపట్టును. మరుగుదొడ్లు కడుగు ఆమ్లము, బట్టలు తెల్లబఱచు బ్లీచింగు గూడ వాడరాదు. వానిలోని క్లోరిను సమ్మేళనములు లోహమును గుంటలు పడునట్లు తినును. ఆ రెండింటిని కలిపినచో వెలువడు విషవాయువు ప్రాణాంతకము. కాస్టిక్ సోడా మరకను త్వరగా కరగించునుగాని, కన్నును, చర్మమును కాల్చును. అల్యూమినియపు భాగములను తినివేయును. పెట్రోలుతో తుడుచుట నిప్పుతో చెలగాటమే.

మరక తీసినంతమాత్రమున పని ముగియలేదు. నూనె యెక్కడినుండి వచ్చినదో చూడవలెను. నూనె నింపునప్పుడు ఒలికినదైన మరల రాదు. తుడిచిన చోటనే కొన్నాళ్లకు తిరిగి కానవచ్చినచో, ఇంజనుపై మూతక్రింది గ్యాస్కెట్టు మున్నగునవి కారుచున్నవని యనుమానింపవలెను. అంతట నూనెకొలత చూచి, మెకానిక్కునకు చూపింపవలెను. ఇంజనులో నూనె తఱిగిన కొలది లోపలి భాగములు అరిగి, వేలకొలది రూప్యములు వ్యయమగును.

అంతకంటె భయంకరమైనది అగ్ని. కాగిన గొట్టముపై కారిన నూనె మండగలదు. ఉలవకట్టెను రహదారిపై పఱచి వాహనములచే త్రొక్కించు నలవాటు మన మెట్టప్రాంతములలో కలదు. ఆ ఎండుకట్టె కారు క్రింద చిక్కుకొని వేడిగొట్టమునకు తగిలిన అంటుకొనును. నూనె తడి తోడైనచో చెప్పనక్కఱలేదు. కావున కట్టె పఱచిన దారిని తప్పించుకొని పోవలెను. తప్పనిచో దాటినవెంటనే నిలిపి క్రింద చూడవలెను. వాహనమును గడ్డివాముల చెంత నిలుపరాదు.

ఒక పిడికెడు వంటసోడాయు, ఒక గంట కాలమును దీనికి చాలును. కోతలకు ముందు ఈ పని ముగించుకొనిన సభ్యునకు వాహనమును, పంటయు రెండును భద్రముగా నుండును.