ఆ రెండు మాటలు రాస్తే చాలు!

కీళ్లవాతానికి ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు. మధ్యలో షుగరు వచ్చింది. ఇప్పుడు అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు. అమెరికాలోని డాక్టరు కేస్‌షీటులో 'మధుమేహం, న్యూరోపతి' అని రాసి ఊరుకుంటారు. ఆ రికార్డు హైదరాబాద్‌లో ఓ మెడికల్ కోడర్ కంప్యూటర్ మీదికి వస్తుంది. మందుల జాబితాలో ప్రెడ్నిసోన్ కనిపిస్తూనే ఉంది. విషయం అర్థమవుతూనే ఉంది. అయినా... కోడర్ ఆ మాట అనడానికి వీల్లేదు!

రోగం పేరు చెప్పాల్సింది డాక్టరే. ఆయన రాసినదాన్ని కోడ్‌లలోకి మార్చడమే కోడర్ పని. 2015 అక్టోబరు 1 నుంచి అమెరికాలో వాడుతున్న ఐసీడీ-10-సీఎం నిబంధనల ప్రకారం, ఏ రకం మధుమేహమో రాయకపోతే అది టైప్-2 కిందికే వెళ్తుంది. అంటే 'ఈ11.40'. మందుల వల్ల వచ్చిన మధుమేహానికి వేరే కోడ్ ఉంది... అదే 'ఈ09'.

చుక్క తర్వాతే కథంతా

'ఈ09' పక్కన చుక్క పెట్టి 4 వేస్తే నరాలు దెబ్బతిన్నాయని అర్థం. ఏ నరాలో ఆ తర్వాతి అంకె చెబుతుంది. ఒకే నరమైతే 1, చాలా నరాలైతే 2, జీర్ణాశయం, గుండెలాంటి వాటిని నడిపే నరాలైతే 3. వివరం లేకపోతే సున్నా. కారణమైన మందుకూ కోడ్ ఉండాలి. స్టెరాయిడ్‌కైతే 'టీ38.0ఎక్స్5'. అందులో 5 అంటే, చెప్పినట్టే వాడినా మందు చెడు చేసిందని. పొరపాటున ఎక్కువ మింగితే 5 బదులు 1 వస్తుంది. అప్పుడు దాన్నే ముందు రాయాలి.

చిత్రమేంటంటే... మధుమేహానికీ నరాల సమస్యకీ సంబంధం ఉందని డాక్టరు ప్రత్యేకంగా రాయక్కర్లేదు. కాదని రాస్తే తప్ప ఉన్నట్టే లెక్క. మందుకీ మధుమేహానికీ మధ్య లంకె మాత్రం రాసి తీరాలి. రాయకపోతే కోడర్ డాక్టరుకు ప్రశ్న పంపాలి. అదీ 'స్టెరాయిడ్ వల్లే కదా' అన్నట్టు ఉండకూడదు. 'ఇది ఏ రకం మధుమేహం, కారణమేంటి?' అని అడగాలి.

అంకె తప్పితే...

టైప్-2 అని ఒకసారి రికార్డుకెక్కితే తర్వాత చూసే డాక్టరూ అదే నమ్మొచ్చు. పొద్దున వేసుకునే స్టెరాయిడ్ వల్ల చక్కెర పరగడుపున మామూలుగానే ఉండి, మధ్యాహ్నం తర్వాత పెరుగుతుంటుంది. డాక్టరు డోసు తగ్గిస్తే చాలామందిలో అది దిగొస్తుంది. కారణం తెలియకపోతే ఆ వైపు ఆలోచనే రాదు. అలాగని రోగే స్టెరాయిడ్ మానేస్తే మరో ప్రమాదం.

డాక్టరు కలం నుంచి రావాల్సినవి రెండే మాటలు... 'స్టెరాయిడ్ వల్ల'. అవి ఉంటే కోడ్ సరిగ్గా పడుతుంది. వైద్యమూ దారిన పడుతుంది.