వార్తల్లో పదం: ఇన్వర్స్ కేర్ లా

వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తక్కువగా అందుతుంది. ఈ చేదు నిజానికి పేరే ‘ఇన్వర్స్ కేర్ లా’. తెలుగులో విలోమ వైద్య సూత్రం అనుకోవచ్చు.

ఎవరు చెప్పారు?: వేల్స్‌లోని గ్లిన్‌కోరుగ్ అనే బొగ్గుగని కార్మికుల ఊళ్లో పనిచేసిన డాక్టర్ జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లో ‘ది లాన్సెట్’ పత్రికలో దీన్ని ప్రతిపాదించారు. వైద్యం మార్కెట్ చేతుల్లోకి వెళ్లేకొద్దీ ఈ అంతరం పెరుగుతుందన్నారు. రాసి ఊరుకోలేదు. జబ్బు ముదిరేదాకా ఆగకుండా, తన పరిధిలోని పెద్దవాళ్లందరికీ రక్తపోటు పరీక్షలు చేశారు. పాతికేళ్ల తర్వాత చూస్తే, అక్కడి అకాల మరణాలు పొరుగు ఊరి కంటే తక్కువని తేలింది.

మన దగ్గర?: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019–21) ప్రకారం, 30–49 ఏళ్ల మహిళల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు దేశంలో 1.9 శాతమే. తమిళనాడులో 9.8, ఆంధ్రప్రదేశ్‌లో 4.7, తెలంగాణలో 3.3 శాతం. పట్నంలో పెద్ద కంపెనీ ఉద్యోగికి మాస్టర్ హెల్త్ చెకప్ అందుబాటులో ఉంటుంది. కూలికి వెళ్లే మహిళకు పరీక్ష అంటే ఆ రోజు కూలి పోవడం, పైగా బస్సు ఛార్జీ.

విరుగుడేమిటి?: 30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు ఊరి దగ్గరి ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల్లోనే ఉచితంగా జరగాలన్నది కేంద్ర కార్యక్రమం లక్ష్యం. అయితే పరీక్షతోనే ఆగితే లాభం లేదు. ఫలితం వివరించి, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపి, మందులు ఆగకుండా చూసే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం కావాలి. మంచి వైద్యం పేదల గడప తొక్కిన రోజే ఈ సూత్రం ఓడుతుంది.