దంతం పొదిగిన పట్నం

స్నూకర్ కర్ర కొనేవాళ్లు దాన్ని బల్ల మీద దొర్లించి చూస్తారు. వంకర ఉంటే కొస ఎగిరెగిరి పడుతుంది. ఆ తర్వాత కొసనున్న తోలు బిళ్లను వేలితో తడుముతారు, బరువు చూసుకుంటారు. చెయ్యి పట్టుకునే లావుపాటి మొదలు వైపు చూపు ఎక్కువసేపు నిలవదు. చేసినవాడి పనితనం తెలిసేది మాత్రం అక్కడే. తెల్లటి కర్ర మీదికి నల్లటి కర్ర నాలుగు మొనలుగా పాకి ఉంటుంది. అది రంగు వేసిన డిజైన్ అనుకునేవాళ్లే ఎక్కువ.

నిజానికి అది అతుకు. చేత్తో చేసే స్నూకర్ కర్రకు మొదట యాష్ చెక్కను నలుపలకలుగా కోస్తారు. మొదలు వైపు ఎదురెదురు పలకలు రెండింటిని ఏటవాలుగా చిత్రిక పట్టి, వాటికి నల్లతుమికి పలకలు జిగురుతో అంటించి బిగిస్తారు. జిగురు ఆరాక మిగిలిన రెండు పక్కలా అదే పని. అప్పటిదాకా అది అందం చందం లేని చదరపు దిమ్మ. దాన్ని చిత్రికతో గుండ్రంగా చేసుకుంటూ వస్తుంటే నల్లటి మొనలు ఒక్కొక్కటే బయటపడతాయి. ఆరు పలకల పెన్సిల్ చెక్కినప్పుడు రంగు అంచు అలలు అలలుగా వస్తుంది కదా, ఇక్కడ జరిగేదీ అదే. ఆ వంపును ఎవరూ గీయరు. చదునైన అతుకును గుండ్రటి ఒళ్లు కోసుకుంటూ పోయినందువల్ల అది దానంతటదే పుడుతుంది. అతుకులో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒక మొన పొడుగై ఇంకొకటి పొట్టిదవుతుంది.

అమెరికాలో పూల్ ఆటకు వాడే కర్రల పద్ధతి వేరు. అక్కడ మొదలు భాగంలో కోణంగా గాళ్లు తీసి, వాటిలో వేరే రంగు చెక్కను కూర్చి, అంచుల వెంట కాగితమంత పల్చని రంగురంగుల చెక్కపొరలు పెడతారు. తర్వాత లేత్ మీద తిప్పితే మొనలు సూదిగా తేలతాయి. చేతిపనిని గుర్తుపట్టడంలో తమాషా ఏమిటంటే, స్నూకర్ కర్రలో మొన కాస్త గుండ్రంగా ఉంటే అది చేత్తో అతికినది, కత్తిరించినట్టు సూదిగా ఉంటే యంత్రం పని. పూల్ కర్రలో మాత్రం లెక్క తిరగబడుతుంది. కంప్యూటర్ మిషన్‌లో తిరిగే కటింగ్ బిట్టు గుండ్రటిది కాబట్టి మూలను పూర్తిగా సూదిగా తొలచలేదు. పొదిగిన ఆకారం మూలలు మొద్దుగా ఉంటే మిషన్ అనీ, పదునుగా ఉంటే తర్వాత ఉలి పట్టిన చెయ్యి ఒకటుందనీ తెలిసినవాళ్లు లెక్కేస్తారు.

ఇలాంటి కర్రలు చేసినవాళ్లలో ఎక్కువమంది తలుచుకునే పేరు జార్జ్ బలబుష్కా. 1912లో రష్యాలో పుట్టి, చిన్నప్పుడే అమెరికా చేరిన వడ్రంగి ఆయన. 1959 నుంచి 1975లో చనిపోయేదాకా కర్రలు చేశాడు. 1986లో వచ్చిన ‘ది కలర్ ఆఫ్ మనీ’ సినిమాతో ఆట తెలియనివాళ్లకూ ఆయన పేరు తెలిసింది. ఆ సినిమాలో వాడింది అచ్చమైన బలబుష్కా కర్ర కాదు, దాని పోలికలో ఉన్న వేరే కంపెనీ కర్ర. అయితేనేం, వస్తువుకు మనిషి పేరు స్థిరపడిపోయింది.

విశాఖలో కథ ఇలా నడవలేదు. చెక్కలో దంతం పొదిగే పనిలో లండన్ రాజమహలు దాకా వెళ్లిన వస్తువులు ఈ ఊరివి. మద్దిలపాలెం డిపో దగ్గర సిటీ బస్సెక్కి పాతపోస్టాఫీసు దగ్గర దిగితే ఆ పని పెరిగిన పేటల నడుమే ఉన్నట్టు. ప్రపంచంలోని పెద్ద మ్యూజియంల కార్డుల మీద ఆ వస్తువులకు నేటికీ ఉన్న పేరు ‘విజగపటం’. ఊరి పేరు నిలిచింది. చేసినవాళ్ల పేర్లు దాదాపుగా ఏవీ లేవు.

ఈస్టిండియా కంపెనీ 1682లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టింది. అంతకుముందే భీమునిపట్నంలో డచ్చివాళ్లు దిగి ఉన్నారు. వాళ్లంతా వచ్చింది ప్రధానంగా బట్ట కోసం, అద్దకం చీట్ల కోసం. ఓడలు వచ్చిపోయే రేవు కాబట్టి బర్మాలోని పెగూ నుంచి ఏనుగు దంతం వచ్చేది. ఇరుగుడు, నల్లతుమికి, టేకు దొరికేవి. తెల్లదొరలకు కుర్చీలు, రాతబల్లలు, సొరుగు పెట్టెలు కావాలి. ఆకారం వాళ్లది, పని ఇక్కడివాళ్లది. ఈ పని చేసింది కంసాలులని చరిత్రకారులు చెబుతారు. 1756లో ఈ తీరానికి వచ్చిన జాన్ కార్నీల్ అనే బ్రిటిష్ సైనికాధికారి తన దినచర్యలో విశాఖ అద్దకం బట్టల గురించి రాస్తూ, పొదుగుపనిలోనూ ఈ ఊరిది అందెవేసిన చెయ్యని మెచ్చుకున్నాడు. మరుసటి ఏడాదే ఫ్రెంచి సేనాని బుస్సీ వచ్చి ఊరిని పట్టుకున్నాడు. ఊరు చేతులు మారినా ఉలి ఆగినట్టు లేదు.

తొలినాటి వస్తువుల్లో పొదుగు నిజంగా పొదుగే. దంతాన్ని పల్చటి రేకులుగా కోసి, సన్నని రంపంతో తీగ, ఆకు, పువ్వు ఆకారాలుగా తీసేవారు. ఆ ముక్కను నల్లటి ఇరుగుడు చెక్క మీద పెట్టి చుట్టూ గీసుకుని, గీత లోపల మాత్రమే ఉలితో తొలిచి, అందులో కూర్చి అతికించేవారు. తేమకు లేచిపోకుండా చాలాచోట్ల దంతపు మేకులు కూడా దిగ్గొట్టారు. దగ్గర పెట్టుకుని చూస్తే ఆకు మధ్యన తెల్లటి చుక్కగా ఆ మేకు తల కనబడుతుంది. అంతా చదును చేశాక అసలు పని మొదలు. దంతం మీద సన్నని మొనతో ఆకుల ఈనెలు, రేకుల మడతలు గీసి, ఆ గీతల్లోకి నల్లటి లక్క దించి, పైన మిగిలింది గీకేస్తే తెలుపు మీద నలుపు బొమ్మ నిలుస్తుంది. చేసినవాడి పేరు లేకపోయినా చెయ్యి తెలిసేది ఈ గీతల్లోనే. ఒకే పెట్టె మీద ఒక పక్క గీత తడబాటు లేకుండా సాగుతుంది, ఇంకో పక్క అదే తీగ మలుపు దగ్గర బిగుసుకుంటుంది. ఇద్దరు చేసిన పని అనిపిస్తుంది, గురువూ శిష్యుడూ కావచ్చు.

ఆ తీగలు ఎక్కడివో మన బట్టలు చూస్తే తెలుస్తుంది. కోరమాండల్ తీరంలో అద్దిన కలంకారీ దుప్పట్ల అంచుల్లో మెలికలు తిరిగే పూలతీగే చెక్కలోకి దిగింది. పక్కపక్క వీధుల్లో అద్దేవాళ్లూ చెక్కేవాళ్లూ ఉన్న ఊళ్లో ఇందులో ఆశ్చర్యమేమీ లేదు.

18వ శతాబ్దం చివరికి ఫ్యాషన్ మారింది. పొదగడం తగ్గి, చెక్కపెట్టె మొత్తాన్ని దంతపు రేకులతో కప్పేయడం వచ్చింది. దాని మీద పూలతో పాటు ఇంగ్లండు పల్లెల్లోని బంగళాలు, చెట్లు, మెట్లదారులు. ఆ ఇళ్లను చూసే అవకాశం చెక్కినవాళ్లకు లేదు. అచ్చు బొమ్మల్ని ముందు పెట్టుకుని చేశారు. కుట్టుసామాను పెట్టెనే పెంకుటింటి ఆకారంలో, పైకప్పు మూతగా తెరుచుకునేలా చేసినవీ ఉన్నాయి. దొరసానులకు ఇంటి బెంగ తీర్చే సరుకన్నమాట. వ్యాపారం తెలిసిన చేతులు!

కొన్నవాళ్ల పేర్లు మాత్రం చక్కగా నమోదయ్యాయి. 1773 నుంచి 1775 దాకా మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ దంతపు కుర్చీలు, బీరువాలు ఇంగ్లండు పట్టుకెళ్లాడు. ఆయన పోయాక 1781లో వేలం వేస్తే మూడో జార్జి రాజు రాణి షార్లెట్ కోసం వాటిని కొన్నాడు. తర్వాత నాలుగో జార్జి చేతికి వచ్చాయి. ఇప్పటికీ బ్రిటిష్ రాజకుటుంబ సేకరణలో ఉన్నాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ విశాఖ వస్తువులు చూడొచ్చు. 19వ శతాబ్దంలో పెద్ద సామాను పోయి చిన్న పెట్టెలు మిగిలాయి. గంధపుచెక్క పెట్టె మీద అడవిదున్న కొమ్ము, తాబేటిచిప్ప, నలుపూ తెలుపూ చారల ఏదుపంది ముళ్లు వరసగా పేర్చి, దంతపు అంచు కట్టేవారు. ఆ కాలంలో మాత్రం ఒకటి రెండు పేర్లు దొరుకుతాయి. చిన్న వీరన్న అండ్ సన్స్ అనే విశాఖ దుకాణం పేరు వేలం కేటలాగుల్లో కనిపిస్తూ ఉంటుంది.

బిలియర్డ్స్ బల్లకూ ఈ పెట్టెకూ చుట్టరికం దంతం దగ్గరే. ఆ రోజుల్లో మేలైన ఆట బంతులు ఏనుగు దంతంతో చేసినవే. ఒక దంతం నుంచి పనికొచ్చే బంతులు నాలుగైదుకు మించవు. ఎందుకంటే నరం సరిగ్గా బంతి మధ్య నుంచి పోవాలి, లేకపోతే దొర్లేటప్పుడు ఒక పక్కకు లాగుతుంది. నెవిల్ చాంబర్లేన్ అనే బ్రిటిష్ సైనికాధికారి 1875లో జబల్పూర్‌లో స్నూకర్ ఆట మొదలుపెట్టాడంటారు. దాని నియమాలు ఊటీ క్లబ్బులో స్థిరపడ్డాయి. ఊటీ, విశాఖ అప్పట్లో ఒకే మద్రాసు ప్రెసిడెన్సీ. అక్కడ దంతం బల్ల మీద దొర్లుతుంటే ఇక్కడ చెక్కలో ఇమిడేది. దంతానికి బదులు వెతికేవాళ్లకు అమెరికాలో పెద్ద బహుమతి ప్రకటిస్తే, జాన్ వెస్లీ హయత్ అనే ముద్రాపకుడు ఆ ప్రయత్నంలోనే సెల్యులాయిడ్‌ను తయారుచేశాడు. ప్లాస్టిక్ యుగానికి ఒక తలుపు అలా బిలియర్డ్స్ గదిలోంచి తెరుచుకుంది.

మన దగ్గర దంతపు పనిని ఆపింది చట్టమొక్కటే అనలేం. ఇంగ్లండు గిరాకీ తగ్గాక ఈ పెట్టెలు కొనే ఇళ్లు ఇక్కడ లేవు. విశాఖలో ఆ పని తెరవెనక్కి జారిపోయాక, 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1977లో ఏనుగును దాని మొదటి షెడ్యూలులో చేర్చారు. ఆఫ్రికా ఏనుగు దంతం అంతర్జాతీయ వ్యాపారాన్ని 1989లో దేశాలన్నీ కలిసి ఆపాయి. 1991 సవరణతో మన దేశంలో దిగుమతి దంతం వ్యాపారానికీ దారి మూసుకుంది. ఏనుగుల వైపు నుంచి చూస్తే ఇవి ఇంకా ముందే రావలసింది.

కర్రను తిప్పే చెయ్యి మాత్రం ఈ ప్రాంతంలో ఉంది. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ, తిరిగే వేడికే లక్కను కరిగించి రంగు ఎక్కిస్తారు. మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగుల్ని మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. అంకుడు తేలికైన మెత్తటి కర్ర, బంతిని కొట్టే దెబ్బకు ఆగదు. దాంతో స్నూకర్ కర్ర చేయమంటే ఏటికొప్పాక వాళ్లే నవ్వుతారు. అయితే తిరిగే కర్ర మీద చెయ్యి వణక్కుండా ఉలి ఆనించడం అనే విద్య రెండుచోట్లా ఒకటే.

కర్ర చేసేవాడికి విశాఖ గాలే మొదటి పరీక్ష. ఆట కర్రలకు వాడే మేపుల్, యాష్ తేమకు ఉబ్బుతాయి, ఎండకు లాగుతాయి. అందుకే మంచి పనివాళ్లు కొస భాగాన్ని ఒకేసారి సన్నం చేయరు. లేత్ మీద కొంచెం తీసి, కొన్ని వారాలు వేలాడదీసి, వంగిందేమో చూసి, మళ్లీ కొంచెం తీస్తారు. ఇలా నెలలు పడుతుంది. మధ్యలో వంగిన కర్ర పొయ్యిలోకే. పొదుగుకీ ఇదే చిక్కు. చెక్క కదులుతుంది, అందులోని గట్టి ముక్క దానితో సమంగా కదలదు. యూరప్ ఇళ్లలో చలికాలపు వేడిగదుల్లో పెట్టిన పాత విశాఖ పెట్టెలు చాలావాటికి దంతపు రేకులు చీలి, పైకి లేచాయి. సముద్రపు గాలిలో పుట్టిన పెట్టె అక్కడి పొడిగాలికి తట్టుకోలేకపోయింది.

ఇప్పుడు కర్రల్లో దంతం బదులు ముత్యపుచిప్ప, ఎముక, కొమ్ము, రెజిన్ పొదుగుతున్నారు. ఇరుగుడు జాతి కలప కూడా 2017 నుంచి అంతర్జాతీయ నియంత్రణలోకి వచ్చింది, దేశం దాటాలంటే కాగితాలు కావాలి. తాతల నాటి పెట్టె మీద ఉన్నది దంతమో ఎముకో తెలుసుకోవడానికి మంచి భూతద్దం చాలు. ఎముకలో రక్తనాళాలు పోయిన నల్లటి సన్న చుక్కలు, గీతలు కనిపిస్తాయి. ఏనుగు దంతాన్ని అడ్డంగా కోసిన చోట ఒకదాన్నొకటి దాటే వంపు గీతల జల్లెడ కనిపిస్తుంది. దంతమైతే దాన్ని మన దేశంలో అమ్మడానికి లేదు, ఎంత పాతదైనా సరే. యజమాని ధ్రువపత్రం ఉంటే వారసులకు మాత్రం అందుతుంది. బ్రిటన్‌లో 2018లో చేసి 2022లో అమల్లోకి తెచ్చిన దంతపు చట్టం ఇంకా చిత్రం. 1947కు ముందుదై, మొత్తం ఘనపరిమాణంలో పది శాతం కన్నా తక్కువ దంతం ఉంటే రిజిస్టరు చేయించి అమ్ముకోవచ్చు. అంతకన్నా ఎక్కువుంటే, 1918కి ముందుదై అసాధారణ కళావిలువ ఉందని నిపుణులు తేల్చాలి. దాంతో విశాఖ పెట్టె విషయంలో ఇప్పుడు రేకు మందం కూడా లెక్కకు వస్తుంది. ఇరుగుడులో తీగగా పొదిగిన పాత పద్ధతి సులువుగా గట్టెక్కుతుంది. నిలువెల్లా దంతం కప్పుకున్నదాని భవితవ్యం, రేకును ఎంత పల్చగా కోశారన్న దాని మీద ఆధారపడి ఉంది.